మొదటి మనవడో మనవరాలో రాబోతున్నారు, ఇంట్లో ఏమేం సిద్ధం చేసుకోవాలి?

రెండు నెలల్లో మీ అమ్మాయికి కాన్పు అని, ఆమె తిరిగి ఉద్యోగంలో చేరాక బిడ్డ పగలంతా మీ దగ్గరే ఉంటుందని రాశారు. ఏమేం కొనాలో జాబితా అడిగారు. అటక మీది పాత పిల్లల మంచాన్ని దించి వాడుకోవచ్చా అని, గది గోడలకు రంగు ఎప్పుడు వేయించాలి అని కూడా అడిగారు. మా అమ్మాయి కూతురు, మా అబ్బాయి కొడుకు ఇద్దరూ పగటి పూట మా ఇంట్లోనే పెరిగారు. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొనాల్సిన వాటికంటే ముందు ఇంట్లోంచి తీసేయాల్సినవేమిటో రాసుకోండి. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంట్లో అన్నీ మన చేతికి, మన కంటికి, మన మోకాళ్లకు అనువుగా అమరి ఉంటాయి. మనకు అనువైన ఆ అమరికే బిడ్డకు ప్రమాదం. దుకాణంలో ఏది కొన్నా ఆ ప్రమాదం పోదు.

మంచం సంగతి ముందు చెబుతాను. దయచేసి దాన్ని దించకండి. మీ అమ్మాయి పడుకున్న మంచంలో ఆమె బిడ్డ కూడా పడుకోవాలన్న మమకారం నాకు తెలుసు. మా ఇంట్లోనూ అలాంటిదే ఉండేది, ఫొటో తీసుకుని దాచుకుని మంచాన్ని వదిలేశాం. పక్కల పట్టీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారి, తల మాత్రం ఇరుక్కుపోతుంది. చాలా పాత మంచాల్లో ఆ సందు అంతకంటే ఎక్కువే. ఒక పక్క కిందికి జారే రకమైతే మరీ ప్రమాదం. ఆ పక్క ఊడి, ఆ ఖాళీలో ఇరుక్కుని పిల్లలు చనిపోయాక అమెరికాలో 2011లో వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించారు. పాత రంగులో సీసం అనే విషపు లోహం ఉండొచ్చు. పళ్లు వచ్చే వయసులో పిల్లలు మంచం అంచులే కొరుకుతారు. పైన కొత్త రంగు వేసినంత మాత్రాన కింది పొర ఎక్కడికీ పోదు.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే అది బిడ్డ పడక. గట్టిగా, సమతలంగా ఉండే పరుపు కావాలి. మంచానికి, పరుపుకు మధ్య రెండు వేళ్లు దూరేంత సందు కూడా ఉండకూడదు. పైన బిగుతుగా పరిచిన పలుచని గుడ్డ ఒక్కటి చాలు. దిండు వద్దు, దుప్పటి వద్దు, చుట్టూ మెత్తలు వద్దు, బొమ్మలు వద్దు. చూడటానికి బోసిగా ఉందని మనసు పీకుతుంది. ఏదో ఒకటి మెత్తగా అమర్చాలనిపిస్తుంది. ఆ బోసిదనమే బిడ్డకు రక్ష. చలిగా ఉంటే ఒంటి మీద మరో చొక్కా వేయండి, దుప్పటి మాత్రం కప్పకండి.

ఎప్పుడు నిద్రపుచ్చినా వెల్లకిలా పడుకోబెట్టండి. పగటి కునుకుకు కూడా అదే పద్ధతి. మన పిల్లల కాలంలో బోర్లానో, పక్కకు తిప్పో పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పేవారు. కారణం తెలియకుండా నిద్రలోనే పసిబిడ్డలు చనిపోవడానికి, బోర్లా పడుకోబెట్టడానికి సంబంధం ఉందని తేలాక 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టాలని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడుతుందేమోనని మావారు చాలా భయపడ్డారు. పిల్లల డాక్టరు బొమ్మ గీసి వివరించారు: బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార నాళం కింద ఉంటాయి. కక్కిన పాలు బరువుకు కిందికి, అంటే ఆహార నాళంలోకే జారుతాయి. బోర్లా ఉన్నప్పుడే గాలి గొట్టం కిందికి వస్తుంది. ఆ బొమ్మ చూశాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మీ ఇంట్లో ఎవరైనా సందేహిస్తే వాళ్లకూ ఇలాగే వివరించండి. నియమం మాత్రమే చెబితే మన వయసు వాళ్లం వినం, కారణం చెబితే వింటాం.

ఇంకొక్క మాట. మనకు కునుకు ముంచుకొస్తున్నప్పుడు సోఫాలోనో పడక కుర్చీలోనో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోకూడదు. మధ్యాహ్నం మనకూ నిద్ర వస్తుంది కదా! ఆ మెత్తల మధ్యకు బిడ్డ జారితే ఊపిరాడదు. నిద్ర వస్తోందనిపించిన క్షణమే బిడ్డను తన పడకలో వేసేయండి.

ఇక మందులు. అమ్మమ్మలు, తాతయ్యల ఇళ్లలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. మన మందులు మూత బిగించిన సీసాల్లో ఉండవు. రోజువారీ గడులున్న డబ్బాలో, భోజనాల బల్ల మీద, దిండు పక్కన, చేతిసంచిలో ఉంటాయి. ఆ గడుల డబ్బా పిల్లలు తెరవలేనిది కాదు, పైగా ఊపితే గిలక్కాయలా చప్పుడు చేస్తుంది. షుగరుకు వాడే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది వెంటనే బయటపడకపోవచ్చు కూడా, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. రక్తపోటు, గుండె మందుల్లో కొన్ని కూడా ఒకటి రెండు మాత్రలకే ప్రాణం మీదికి తెస్తాయి. ఐరన్ మాత్రలను పిల్లలు మిఠాయి అనుకుంటారు. మేం అన్ని మందులనూ నిలబడితే మన తల కంటే ఎత్తుండే అరలోకి మార్చి తాళం పెట్టాం. వేళకు మందు వేసుకోవడం మరచిపోకుండా ఫోనులో అలారం పెట్టుకున్నాం. నేల మీద జారిపడిన మాత్ర వెతికి తీసేదాకా బిడ్డను ఆ గదిలో దింపకూడదు. ఇంటికొచ్చే బంధువుల సంచులు కూడా గుమ్మం దగ్గర నేల మీద ఉండకూడదు. ఇందులో మొహమాటపడకండి. వాళ్ల సంచిలోనూ మాత్రలు ఉంటాయి.

మందుల తర్వాత బటన్ బ్యాటరీలు, అంటే నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు. వినికిడి యంత్రం, టీవీ రిమోట్, బరువు తూచే యంత్రం, పాట పాడే గ్రీటింగ్ కార్డు, ఇలా వెతికితే ఇంట్లో ఎన్నో చోట్ల కనబడతాయి. 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ ఆహార నాళంలో ఇరుక్కుంటే అక్కడి తడితో విద్యుత్తు ప్రవహించి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండను లోతుగా కాల్చేస్తుంది. వాడి పారేసిన బ్యాటరీలోనూ అంత శక్తి మిగిలి ఉంటుంది. వినికిడి యంత్రాల్లో వాడే చిన్నవి ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా గాయం చేస్తాయి. బ్యాటరీ గడి మూతకు స్క్రూ లేని వస్తువును ఇంట్లో ఉంచకండి. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. లక్షణాల కోసం ఎదురుచూస్తే సమయం దాటిపోతుంది.

మీ అమ్మాయి పసితనపు బట్టలు కూడా దాచి ఉంటారు, అవునా? నాఫ్తలిన్ ఉండలు వేసి దాచిన బట్టలైతే పసిబిడ్డకు తొడగకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ వాసన, ఆ బట్టల స్పర్శ ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి, కామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయించేదాకా ఎవరికీ తెలియదు. అందువల్ల ఉండలనే ఇంట్లోంచి తీసేయడం మేలు. మింగినా ప్రమాదమే.

బిడ్డ కోసం ఇల్లు సర్దుతూ మన ఒంటిని మరచిపోతాం. నాకు నడుము నొప్పి, మావారికి మోకాళ్లు. చేతులు ఆనించుకునే కుర్చీ ఒకటి కొన్నాం. సోఫా లోతుగా ఉంటే బిడ్డను ఎత్తుకుని లేవడం కష్టం, తూలిపోతాం. గుడ్డలు మార్చడానికి మన నడుము ఎత్తు బల్ల మంచిదే, అయితే ఒక చేయి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. నాలుగో నెల వచ్చేసరికి ఏ క్షణాన దొర్లుతారో చెప్పలేం. గదుల్లో జారే చిన్న చాపలన్నీ తీసేశాం, రాత్రి నడిచే దారిలో చిన్న దీపం పెట్టాం. బిడ్డ చేతుల్లో ఉండగా మనం పడితే ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. బిడ్డను ఎత్తుకుని వేడి టీ తాగడం కూడా అలాంటిదే, ఆ అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి.

వీటన్నిటికీ ముందు మీ అమ్మాయి, అల్లుడితో కూర్చుని మాట్లాడండి. బిడ్డ పుట్టాక వాళ్లకు ఓపిక ఉండదు, అందుకే ఇప్పుడే మాట్లాడాలి. కోరింత దగ్గుకు పెద్దవాళ్ల టీకా, ఫ్లూ టీకా గురించి మీ డాక్టరును అడగండి. బిడ్డను చూడటానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకుంటే రక్షణ తయారవుతుంది. నిద్ర, పాలు, ఫోటోలు ఎవరికి పంపవచ్చు, ఎవరు ముద్దు పెట్టుకోవచ్చు, ఇవన్నీ వాళ్లు చెప్పినట్టే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. మనం పిల్లల్ని పెంచినవాళ్లమే, నిజమే. అయినా ఈ బిడ్డ విషయంలో చివరి మాట వాళ్లది. మాతో విభేదించిన ప్రతిసారీ మా కోడలు మొదట కాస్త సంకోచించేది. ఆమె మాటే నిలబెట్టాక అడగడానికి, చెప్పడానికి జంకడం మానేసింది. బిడ్డను నిశ్చింతగా వదిలి వెళ్లగలిగింది కూడా అందుకే.

మొదటి నాలుగైదు నెలలకు ఇంతే. పాకే వయసుకు చేయాల్సినవి ఇప్పుడే చేయనక్కర్లేదు, అయితే ఆరో నెలకల్లా పూర్తి కావాలి. అప్పుడు మీరు స్వయంగా నేల మీద కూర్చుని, వీలైతే పాకి, ఇల్లంతా బిడ్డ కంటి ఎత్తులోంచి చూడండి. నిలబడి చూసినప్పుడు కనబడని తీగలు, నాణేలు, సోఫా కింది పిన్నీసులు బయటపడతాయి. బీరువాలను, సొరుగుల అల్మారాలను, టీవీని గోడకు బిగించండి. సొరుగులను మెట్లలా ఎక్కుతారు, అంతా మీద పడుతుంది. కిటికీ తెరల తాళ్లు అందనంత ఎత్తులో కట్టండి. మెట్ల పైభాగంలో పెట్టే అడ్డు తలుపు గోడకు స్క్రూలతో బిగించేదై ఉండాలి, ఒత్తిడితో నిలిచేది పైన పనికిరాదు. బకెట్లలో నీళ్లు నిలవ ఉంచవద్దు. ఐదు సెంటీమీటర్ల లోతు నీళ్లు కూడా పసిబిడ్డ ప్రాణం తీయగలవు. గీజరు వేడి 49 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తుంది. విషపు మొక్కలైన గన్నేరు, డైఫెన్‌బేకియా ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి.

చక్రాల వాకరు కొంటామని ఎవరైనా అంటే వద్దనండి. దాంతో నడక త్వరగా రాదు, పైగా ఆలస్యం కావచ్చు. మెట్ల మీంచి పడిన ప్రమాదాలు ఎన్నో. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం.

బొమ్మలు ఎన్ని కొనాలి అంటే, నా మట్టుకు చాలా తక్కువ. వంటగదిలో కింది అర ఒకటి పూర్తిగా మనవరాలికి వదిలేశాను. చెక్క గరిటెలు, తేలికైన గిన్నెలు, మూతలు. మిగతా అరలన్నిటికీ గొళ్లేలు. తనదైన అర ఒకటి ఉందని తెలిశాక మిగతావాటి జోలికి అంతగా వెళ్లలేదు. గంటల తరబడి ఆ గిన్నెలతోనే ఆడుకునేది. నేను పక్కన పని చేసుకుంటూ మాట్లాడుతుంటే నా మాటలకు గిన్నె వాయిస్తూ బదులిచ్చేది. ఆ అర సర్దడానికి నాకు కొత్తగా ఏమీ కొనాల్సి రాలేదు.

పసిపిల్లల గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో మీరూ మీవారూ ఇద్దరూ నేర్చుకోండి. ఏడాది లోపు బిడ్డకైతే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు. చదివి వదిలేస్తే చాలదు, శిక్షణ ఇచ్చేవారి దగ్గర బొమ్మ మీద చేసి చూడాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి, అందులో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బును కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు.

చివరిగా గోడల రంగు. వేయించేటట్లయితే ఈ నెలలోనే పూర్తి చేయించండి, వాసన పూర్తిగా పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. మీ ఇల్లు పాతదైతే పాత రంగును పొడిగా గీకించవద్దు. సీసం ఉంటే ఆ ధూళే అన్నిటికంటే హాని, నేల మీద పేరుకుని పాకే బిడ్డ చేతుల ద్వారా నోట్లోకి చేరుతుంది. పెచ్చులు ఊడని గోడైతే కదపకుండా పైన కొత్త రంగు వేయించడమే క్షేమం. పెచ్చులు ఊడుతుంటే ముందు ఆ రంగును పరీక్ష చేయించి, సీసం ఉన్న రంగును తీయడం తెలిసినవారి చేతే పని చేయించండి. ఆ పని జరిగే రోజుల్లో కడుపుతో ఉన్న మీ అమ్మాయి కూడా ఆ ఇంట్లో ఉండకూడదు.