టెక్నికల్ రైటర్‌గా నాలుగేళ్లు చేస్తే ప్రొఫెసర్ పోస్టుకు పనికొస్తుందా?

ప్రశ్న: మా పాప బీటెక్ అయ్యాక ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ చేసింది. నాలుగేళ్లుగా బెంగళూరులో టెక్నికల్ రైటర్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే మాన్యువల్స్ రాస్తుంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ టెక్నికల్ కమ్యూనికేషన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలని ప్రకటన ఇస్తే అప్లై చేస్తానంటోంది. ఇవన్నీ మానేసి తిరుపతిలో లెక్చరర్‌గా చేరమంటున్నాను. ఏది మంచిది?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానిపించకండి సార్.

అమెరికా ప్రకటనలో పీహెచ్‌డీ అడిగారేమో ముందు చూడమనండి, దాదాపు అడిగే ఉంటారు, కనీసం చేరే నాటికైనా పూర్తవ్వాలంటారు. అక్కడ ఎంపిక పెద్ద తంతు. దరఖాస్తుతో పాటు పాఠం ఎలా చెబుతారో రాసివ్వాలి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ దాటిన కొద్దిమందిని క్యాంపస్‌కు పిలిచి ఒకటి రెండు రోజులు ఉంచుకుంటారు, పరిశోధన మీద మాట్లాడిస్తారు, పిల్లలకు క్లాసు చెప్పిస్తారు, భోజనాల దగ్గర కబుర్లు కూడా ఇంటర్వ్యూ కిందే లెక్క. అందుకే పోస్టుకు కాదు, అక్కడే ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీకి అప్లై చేయమనండి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మాఫీ అయి స్టైపెండ్ వస్తుంది, చాలాచోట్ల డిగ్రీ పిల్లలకు రైటింగ్ క్లాసులు చెప్పిస్తారు. పాప సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసిన అనుభవానికి అసలు విలువ అక్కడే.

ఇక తిరుపతి. మన దగ్గర టెక్నికల్ కమ్యూనికేషన్ విడి డిపార్ట్‌మెంట్ కాదు, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ వాళ్లు చెప్పే ఒక పేపరు, అంతే. యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎంఏలో 55 శాతం, పైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) ఉండాలి. 2023 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, మొదలు మూలవేతనం నెలకు 57,700 రూపాయలు. తిరుపతి ఐఐటీ అయితే పీహెచ్‌డీ లేనిదే కుదరదు. చిక్కేమిటంటే నెట్ ఇంగ్లిష్‌లో ఎక్కువగా అడిగేది చాసర్, షేక్‌స్పియర్, సాహిత్య సిద్ధాంతాలు. నాలుగేళ్లుగా పాప వాటి మొహం చూసి ఉండదు, మళ్లీ మొదటి నుంచి చదవాలి. నెట్ లేకుండా ఏదో ప్రైవేటు కాలేజీలో చేరితే జీతమూ తగ్గుతుంది, ల్యాబులూ అడ్మిషన్ల పనులతో చదివే తీరికా పోతుంది.

'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని, అంటే వృత్తి అనుభవం చూసి ఇచ్చే ప్రొఫెసర్ పోస్టు అని ఎవరైనా ఆశ పెడతారేమో, దానికి 15 ఏళ్ల అనుభవం కావాలి, వదిలేయండి.

నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో వస్తుంది కాబట్టి ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. దాంతోపాటు చలికాలంలో అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తులు కూడా పంపొచ్చు, ఒకటి ఇంకోదానికి అడ్డం కాదు. అన్నిటికన్నా ముందు ఎంఏ మార్కుల మెమో తీసి శాతం ఎంతో చూడండి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకైతే 50 చాలు, మిగతావాళ్లకు 55 రాకపోతే ఇక్కడి యూనివర్సిటీల గురించి నేను చెప్పిందంతా మారిపోతుంది.