సహాయ తరగతులకు ఎవరూ రావట్లేదంటే లోపం విద్యార్థుల్లో కాదు

మీ యూనివర్సిటీలో మైనారిటీ జాతుల విద్యార్థుల కోసం సాయంత్రం సహాయ తరగతులు పెడితే మొదటి వారం ఆరుగురు, తర్వాత ఇద్దరే వచ్చారని రాశారు కదా. తప్పు పేరులోనే ఉందండి. "వెనకబడినవారికి" అని బోర్డు పెడితే, అవును నేను వెనకబడ్డానని అందరి ముందూ ఒప్పుకుంటూ ఎవరొస్తారు?

1970ల్లో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో గణితం చెప్పే యూరీ ట్రైస్మన్‌కి ఇలాంటి చిక్కే వచ్చింది. గణితంలో కాల్‌క్యులస్ అనే కోర్సులో నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకపడుతున్నారో తెలుసుకుందామని, వాళ్లెలా చదువుతున్నారో దగ్గరుండి చూస్తే తేలిందేంటంటే కష్టపడటంలో ఏ లోటూ లేదు, కాకపోతే చాలామంది ఒంటరిగా చదువుతున్నారు, చైనా మూలాలున్నవాళ్లేమో గుంపుగా కూర్చుని ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. దాంతో ఆయన సులువు పాఠాలు పక్కన పెట్టి, కలిసి తేల్చుకోవాల్సిన కఠినమైన లెక్కలతో వర్క్‌షాప్ నడిపాడు. మార్కులు బాగా మెరుగయ్యాయి.

మీరూ ఆ పేరు తీసేసి, అన్ని జాతులవాళ్లనూ కలిపి, గట్టి లెక్కలివ్వండి. పిలుపు నోటీసు బోర్డు మీద కాదు, పాఠం చెప్పే లెక్చరరే ఒక్కొక్కరితో స్వయంగా చెప్పాలి.

ఇంకోటి, ప్రతి బ్రోషర్ ఫొటోకీ, ప్రతి కమిటీకీ ఎప్పుడూ అదే ఇద్దరు మైనారిటీ విద్యార్థుల్నే పిలుస్తున్నారేమో చూసుకోండి. పిలిస్తే ఆ పనికి డబ్బో కోర్సు క్రెడిట్లో ఇవ్వండి, ఊరికే వద్దు.

వివక్ష ఫిర్యాదులు మాత్రం సొంత డిపార్ట్‌మెంట్ బయటివాళ్లకే వెళ్లాలి. రేపు థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన గైడ్ మీద, ఆయన పక్క గదిలోని ప్రొఫెసర్‌కి ఎవరు ఫిర్యాదు చేస్తారు చెప్పండి?