పారిజాతం గుబురుగా ఎదిగినా పూయకపోతే

శ్రీకాకుళంలోని మీ పెరట్లో పారిజాతం నాలుగేళ్లుగా ఏపుగా పెరుగుతున్నా కార్తికంలో సైతం గుప్పెడు పూలు రాల్చడం లేదని, దాన్ని తీసేసి వేరే మొక్క నాటాలా అని అడిగారు. తీయవద్దు. విజయనగరంలో మా ఇంటి చెట్టుదీ చాలాకాలం ఇదే పరిస్థితి. కారణమేమిటో హుద్‌హుద్ తుపాను తరువాత గాని నాకు తెలియలేదు.

2014 అక్టోబరు 12న వీచిన గాలికి మా చెట్టు నడిమికి చీలిపోగా, మిగిలిన మానును మోకాలెత్తున కోయించి, బతికితే బతుకుతుందని వదిలేశాము. మరుసటి ఏడాది వానలకు దాని చుట్టూ కొత్త కొమ్మలు లేచాయి, భాద్రపదం వచ్చేసరికి ప్రతి కొమ్మ చివరా మొగ్గల గుత్తులు కనిపించాయి. పారిజాతం ఆ ఏడు ఎదిగిన లేత కొమ్మల మీదనే పూస్తుందని అప్పుడు బోధపడింది. అంతకు ముందు ఏటా కొమ్మలు ప్రహరీ దాటగానే, పొరుగువారు మాట అనకముందే, శ్రావణంలో కత్తిరించేవాణ్ణి; అంటే పూయబోయే కొమ్మలనే ఏరి మరీ నరికానన్నమాట.

ఇప్పుడు పూత పూర్తిగా ఆగాక, సంక్రాంతి దాటిన తరువాత, కొమ్మల పొడవులో మూడో వంతు తీసేసి, దసరా వెళ్లేదాకా కత్తెర ముట్టను. వేసవిలో ఆకు రాల్చి మోడులా కనిపించినా కంగారు పడనక్కరలేదు, అది దాని స్వభావమే.

మీ మొక్క కొబ్బరిచెట్ల నీడలో ఉందని రాశారు. కత్తిరింపు సరిచేసినా రోజుకు ఐదారు గంటల నేరుటెండ తగలకపోతే పూత పలుచగానే ఉంటుంది కనుక, అడ్డంగా వాలిన మట్టలనైనా తీయించండి. యూరియా మానేయండి, దానితో పెరిగేది ఆకే. తొలకరికి రెండు బుట్టల మాగిన గెత్తం (పశువుల ఎరువు) చాలు. పాదులో వాన నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, కాబట్టి బంకమట్టి అయితే ఇసుక కలిపి పాదును కాస్త ఎత్తు చేయండి.

పూత మొదలయ్యాక రాత్రి పడుకునే ముందే చెట్టు కింద ఉతికిన పాత చీర పరచండి. సందెవేళ విచ్చిన పూలు తెల్లవారేసరికి రాలిపోతాయి. నేల రాలినవే పూజకు పనికివచ్చే పువ్వు ఇది, అయినా మట్టి అంటితే మా ఇంట్లో ఒప్పుకోరు. ఎండ పొడ తగలకముందే ఏరుకోండి, ఎనిమిది గంటలకల్లా రేకులు వాడి, నారింజరంగు కాడలు మాత్రమే మిగులుతాయి.