అమెరికాలో వ్యాపారం చేసేవాళ్లకు అంత గౌరవం ఎందుకు?

ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు "వాళ్లకు డబ్బు పిచ్చి" అని. నేనొప్పుకోను. అక్కడ గౌరవం డబ్బున్నవాడికంటే, సొంతంగా ఒక పని మొదలుపెట్టినవాడికి ఎక్కువ. ఏ వ్యవస్థను ఎంత నమ్ముతారని గాలప్ సంస్థ ఏటా చేసే సర్వేలో ఇటీవల చిన్న వ్యాపారాలు పై వరుసలో ఉంటున్నాయి. పెద్ద కంపెనీలు మాత్రం అడుగునే. 1911లో చమురు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న స్టాండర్డ్ ఆయిల్‌ను సుప్రీంకోర్టు 34 కంపెనీలుగా విడగొట్టించింది కూడా ఈ దేశంలోనే.

దీని మూలాలు పాతవి. 1787లో రాసుకున్న రాజ్యాంగంలోనే ప్రభుత్వం ఎవరికీ రాచబిరుదులు ఇవ్వకూడదని పెట్టుకున్నారు. దక్షిణాదిలో బానిసల చాకిరీ మీద తోటల యజమానులు దొరల్లాగే బతికారు, అది మరచిపోకూడదు. ఉత్తరాది ఊళ్లలో మాత్రం వంశం కంటే చేతిలో ఉన్న పనే మనిషికి విలువ తెచ్చింది. ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన వీలునామాలో పదవులన్నిటికంటే ముందు రాసుకున్నది ప్రింటర్ (అచ్చు పనివాడు) అనే.

నా దృష్టిలో అసలు కారణం ఇంకొకటి ఉంది. అక్కడ వ్యాపారం మునిగితే మనిషి మునగడు. మన దగ్గర ఒకడు ఐపీ పెట్టాడంటే ఆ ఇంటితో వియ్యానికి కూడా వెనకాడతారు. అమెరికాలో హెచ్.జె. హైంజ్ 1875లో దివాలా తీసి, మరుసటి ఏడాదే ఇంకో కంపెనీతో మళ్లీ వ్యాపారంలోకి దిగి కెచప్ అమ్మాడు. హెన్రీ ఫోర్డ్ మొదటి కార్ల కంపెనీ 1901లో మూతపడింది, రెండోదాన్ని ఆయనే వదిలి బయటికొచ్చాడు. ఇప్పుడున్న ఫోర్డ్ మోటార్ 1903లో పెట్టిన మూడోది.

ఇది మంచి మనసు వల్ల మాత్రమే జరిగేది కాదు, చట్టం అలా ఉంది. అప్పులు తీర్చలేని వ్యక్తి సాధారణంగా వెళ్లేది దివాలా చట్టంలోని చాప్టర్ 7 అనే భాగానికి. కోర్టులో పిటిషన్ వేసే ముందు 180 రోజుల లోపు క్రెడిట్ కౌన్సెలింగ్, అంటే అప్పుల గురించి సలహా, తీసుకోవాలి. అప్పుల్లో ఎక్కువ భాగం ఇంటి ఖర్చులవైతే ఆదాయం మరీ ఎక్కువేమో చూసే పరీక్ష కూడా ఉంటుంది. ఫీజు 338 డాలర్లు, లాయర్ ఖర్చు వేరు. పిటిషన్ వేసిన మరుక్షణం దాదాపు వసూళ్లన్నీ ఆగాలి. కొద్ది వారాల్లో ట్రస్టీ (కేసు చూసేందుకు నియమించిన అధికారి) ముందు హాజరై ప్రమాణం చేసి జవాబులివ్వాలి. చట్టం మినహాయించని ఆస్తి ఉంటే ట్రస్టీ అమ్మి అప్పిచ్చినవాళ్లకు పంచుతాడు. చిక్కులేమీ లేకపోతే సుమారు నాలుగు నెలల్లో మిగిలిన అప్పు రద్దవుతుంది. పిల్లల పోషణ భత్యం, మోసం చేసి తెచ్చిన అప్పు, చాలావరకు పన్నులు, విద్యారుణాలు మాత్రం పోవు. క్రెడిట్ రిపోర్టులో ఆ మచ్చ పదేళ్లు ఉంటుంది, మళ్లీ చాప్టర్ 7లో రద్దు కావాలంటే ఎనిమిదేళ్లు ఆగాలి. శిక్ష ఉంది, కానీ దానికి గడువు ఉంది. టెక్సస్, ఫ్లోరిడాల్లోనైతే ఉండే ఇంటి విలువ ఎంతైనా, స్థలం పరిమితికి లోబడి, మామూలు అప్పులిచ్చినవాళ్లు సాధారణంగా దాన్ని ముట్టుకోలేరు.

ఎల్‌ఎల్‌సీ (కంపెనీ అప్పులు యజమాని సొంత ఆస్తి మీదికి రాకుండా చూసే పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టేస్తే ఇల్లు భద్రమని చాలామంది అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. చిన్న వ్యాపారాలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ ద్వారా లోన్ తీసుకుంటే 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సొంత హామీ సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టాక ఆ అప్పు విషయంలో ఎల్‌ఎల్‌సీ కాపాడదు. ఉద్యోగుల జీతంలోంచి పట్టుకున్న పన్ను కట్టకుండా వాడేస్తే పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నేరుగా బాధ్యుడైన మనిషి మీదికే వస్తుంది. సొంత ఖర్చులు, కంపెనీ ఖర్చులు ఒకే ఖాతాలో కలిపేస్తే కోర్టు ఆ రక్షణను పక్కన పెట్టేయగలదు. వేరే బ్యాంకు ఖాతా మొదటి రోజే తెరవాలి. దానికి కావలసిన ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే పన్ను గుర్తింపు) నంబరు ఐఆర్‌ఎస్ ఉచితంగానే ఇస్తుంది, డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు.

ఆ గౌరవం చూసి ఉత్సాహపడే మన తెలుగువాళ్లలో చాలామంది హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. వాళ్లు కంపెనీలో వాటా పెట్టుకోవచ్చు, లాభం తీసుకోవచ్చు. కానీ ఆ కంపెనీ పేరు మీద విడిగా హెచ్1బీ అనుమతి లేకుండా కౌంటర్లో కూర్చున్నా, లెక్కలు రాసినా అది అనుమతి లేని పనే, జీతం తీసుకోకపోయినా సరే. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే షాపు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టండి.