స్కూల్లోకి బయటివాళ్లు వస్తుంటే పోలీసులు కదలట్లేదా?

మేడమ్, కర్నూలు జిల్లాలోని మీ ప్రభుత్వ స్కూల్లోకి బయటివాళ్లు వస్తున్నారని, చెప్పినా పోలీసులు రాలేదని అడిగారు. స్టేషన్‌లో మీరు నోటితో చెప్పి వచ్చారు. ఎవరూ రాకపోవడానికి కారణం బహుశా అదే. కూలిన కాంపౌండ్ గోడ మీదుగా ఆకతాయిలు రావడం ఒక ఎత్తు, అడ్డుకున్న పీఈటీ సార్ కాలర్ పట్టుకోవడం ఇంకో ఎత్తు. రెండోది డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దౌర్జన్యం, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 132 కిందికి వస్తుంది.

1. హెచ్ఎం పేరుతో ఫిర్యాదు రాయండి. తేదీ, టైము, చూసినవాళ్ల పేర్లు ఉండాలి. ఉత్తినే "అల్లరి చేస్తున్నారు" అని రాస్తే మందలించి వదిలేస్తారు.

2. అందరూ మరిచేది ఇదే: రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద స్టేషన్ ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. "పెట్టి పోండి, చూస్తాం" అంటే అక్కడే కూర్చోండి. ఎఫ్ఐఆర్ కడితే దాని కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే.

3. తీసుకోకపోతే కర్నూలు ఎస్పీకి స్పీడ్ పోస్టు చేయండి, లేదా ఎస్పీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి.

4. ఆడపిల్లలను లైంగికంగా వేధిస్తే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. పెద్దమనుషుల పంచాయితీ వద్దు. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే మన మీదే కేసు.

అప్పటికప్పుడు గొడవైతే 112కి ఫోన్ చేయండి. గోడ శాంక్షన్ అయ్యేలోపు ఆ సందుకు తుమ్మకంప కొట్టించండి.