నిరుటి నలుగురూ మళ్లీ ఆడితే ఆఫెన్సివ్ లైన్ బాగుపడుతుందా?

మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆఫెన్సివ్ లైన్‌లో (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని ఆపే ఐదుగురు) నిరుడు ఆడిన ఐదుగురిలో నలుగురు మళ్లీ ఉన్నారు కదా, ఇక తిరుగుండదా అని అడిగారు. కొంత మెరుగయ్యే అవకాశం మాత్రం ఎక్కువే. ఎంత అన్నది ఆ నలుగురూ ఎలాంటివాళ్లన్న దాన్ని బట్టి.

నేను ఎమ్మెస్ చేసింది ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ యూనివర్సిటీలో. స్టేడియంలో నా పక్కన కూర్చునే అమెరికన్ కుర్రాడు హైస్కూల్లో గార్డ్‌గా, అంటే లైన్ మధ్యలో ఉండే సెంటర్‌కి పక్కవాడిగా, ఆడాడట. "బంతిని వదిలెయ్, ఆ ఐదుగుర్నే చూడు" అనేవాడు. అలా చూస్తే తెలుస్తుంది. డిఫెన్స్‌వాళ్లు ఇద్దరు ఉన్నట్టుండి ఒకరి దారిలోకి ఒకరు మారిపోతారు. దాన్నే స్టంట్ అంటారు. కలిసి ఆడి అలవాటున్న గార్డ్, లైన్ చివర నిలబడే టాకిల్ భుజం భుజం ఆనించి నిలబడి, తమ మనిషిని పక్కవాడికి అప్పగించేస్తారు. కొత్తవాళ్లయితే ఇద్దరూ ఒకడి వెంటే పోతారు, రెండోవాడు నేరుగా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు. కలిసి ఆడిన అనుభవంతో బాగుపడేది ముఖ్యంగా ఇదే.

కాళ్లు చురుగ్గా కదలని టాకిల్ మాత్రం ఇంకో ఏడాది ఆడినా అంతే. పైగా బాగా ఆడినవాళ్లు ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోతారు కాబట్టి, మీ టీమ్‌లోంచి వెళ్లిపోయిన ఆ ఒక్కడు ఎవరో ముందు చూడండి.

2021లో దేశంలోకెల్లా మంచి లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు మిషిగన్‌కి వచ్చింది. ఆ సీజన్ అయ్యాక సెంటర్ వెళ్లిపోయాడు. బంతి అందించడంతో పాటు ఎవరు ఎవర్ని ఆపాలో అరిచి చెప్పేదీ సెంటరే, అందుకే మాకు టెన్షన్. ఆ చోటికి వర్జీనియా యూనివర్సిటీ నుంచి ఒలు ఒలువాటిమి వచ్చాడు. మా జట్టుకి కొత్తే గానీ అక్కడ ఆడి ఆడి రాటుదేలినవాడు. 2022లోనూ అవార్డు మాదే, అతనికి అవుట్‌ల్యాండ్ (లైన్ లోపలి ఆటగాళ్లలో మేటికి), రిమింగ్టన్ (మేటి సెంటర్‌కి) ట్రోఫీలు రెండూ వచ్చాయి. ఆ రెండేళ్లూ లైన్ కోచ్ షెరోన్ మూరే. అది కూడా చిన్న విషయమేం కాదు.

2024లో తిరగబడింది. 2023 సీజన్‌లో జాతీయ ఛాంపియన్లయిన మా లైన్ దాదాపు మొత్తం ఖాళీ అయింది, ఆఫెన్స్ చతికిలబడింది. క్వార్టర్‌బ్యాక్ మెకార్థీ, హెడ్ కోచ్ హార్బా కూడా అప్పుడే వెళ్లారు కాబట్టి నేరమంతా లైన్‌దే అనలేం. ఆ జట్టే కొలంబస్‌కి వెళ్లి మా పాత ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించింది, ఆ ఆనందం వేరే అనుకోండి!

మీ టీమ్ విషయంలో నేనైతే మూడే చూస్తాను: సెంటర్ పాతవాడేనా, పాతవాళ్లు నిరుటి స్థానాల్లోనే పక్కపక్కన ఆడుతున్నారా, లైన్ కోచ్ మారాడా. సీజన్ మొదటి మ్యాచుల్లో థర్డ్ డౌన్‌కి (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి) ఎక్కువ గజాలు కావాల్సొచ్చినప్పుడు ఆ స్టంట్లని ఎలా ఆపుతున్నారో గమనించండి.