భక్తి ఎక్కువున్న దేశాల్లో ప్రజాస్వామ్యానికి మద్దతు తక్కువగా ఉంటుందా?

ఉంటుందని చెప్పలేం. ఇప్పుడు ముస్లిం దేశాల గురించి అడుగుతున్న ఈ ప్రశ్నే ఒకప్పుడు క్యాథలిక్ దేశాల గురించి అడిగేవారు. స్పెయిన్‌లో ఫ్రాంకో, పోర్చుగల్‌లో సలజార్ అనే నియంతలు చర్చి అండతోనే ఏళ్ల తరబడి ఏలారు మరి. క్యాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ (1962–65) మతస్వేచ్ఛను ఒప్పుకున్నాక గాలి మారింది.

1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ సిన్ రేడియోలో పిలుపునివ్వగానే జనం లక్షల్లో ఎడ్సా రోడ్డు మీదికొచ్చారు. నన్‌లు జపమాలలు పట్టుకుని యుద్ధ ట్యాంకుల ముందు మోకరిల్లారు. నియంత మార్కోస్ దేశం వదిలిపోయాడు. జనం భక్తి ఎప్పటిలాగే ఉంది, చర్చి మాత్రం పక్షం మార్చింది.

ఇండోనేషియాదీ ఇలాంటి కథే. 1998లో నియంత సుహార్తో దిగిపోయాక, మరుసటి ఏడాది అధ్యక్షుడైన అబ్దుర్రహ్మాన్ వాహిద్ అక్కడి అతిపెద్ద ముస్లిం సంస్థ నహ్దతుల్ ఉలమాకు నాయకుడు. పశ్చిమ ఆఫ్రికాలో ముస్లింలు 90 శాతానికి పైగా ఉన్న సెనెగల్‌కు తొలి అధ్యక్షుడు సెంఘోర్ క్యాథలిక్.

మద్దతును కుంగదీసేది చాలాసార్లు మతం కాదు, బతుకుదెరువు. ట్యునీషియాలో 2011 విప్లవం తర్వాత ఎన్నికలు సజావుగానే జరిగాయి, ఉద్యోగాలు మాత్రం రాలేదు. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేస్తే వీధుల్లో సంబరాలు చేసుకున్నారు.

సర్వే అంకెలు చూసేటప్పుడు ఒక సంగతి: 'ప్రజాస్వామ్యం మంచిదా?' అంటే దాదాపు అన్నిచోట్లా అవుననే అంటారు. 'పార్లమెంటుతో పనిలేని గట్టి నాయకుడు కావాలా?' అన్న ప్రశ్నకు జవాబేమొచ్చిందో కూడా చూడండి. మన దేశంలో రెండింటికీ తలూపేవాళ్లు బాగానే ఉన్నారు.